దీదీ ఏమన్నది?

ఆయన పేరు రాయను. పెద్ద కారణమేమీ లేదు. అచ్చులో తన పేరు నలుగురి కంటా పడితే ఆయన సిగ్గుపడేవాడు, అంతే.

పోయిన నెలలో సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ఆయన తమ్ముడి కొడుకు ఫోన్ చేసి "పెద్దనాయిన పోయిండన్నా" అని చెప్పాడు. అప్పుడు నేను సూరత్ రింగ్ రోడ్‌లో మా సేఠ్ దుకాణంలో బయటి ఊరి వ్యాపారికి చీరలు విప్పి చూపిస్తున్నాను. ఆ వ్యాపారి వెళ్లాక, కబురు మా సినిమా గ్రూపులో పెడదామని ఫోన్ తీశాను. అసలు పేరు రాస్తే ఎవరికీ తెలియదు. అందరి ఫోన్లలోనూ ఆయన 'సిన్మా కాక'. అలాగే రాశాను. వెంటనే చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. ఒకరు "గొప్ప అభిమాని" అని రాశారు. అది చదివి నాకు తల దించుకోవాలనిపించింది. ఆయన్ను మేం అభిమానిగా చూసిన రోజులు తక్కువ. తమాషాగా చూసిన రోజులే ఎక్కువ.

కాక సాంచెల మీద పని చేసేవాడు. సాంచెలంటే పవర్‌లూమ్‌లు. ఇరవై ఏళ్ల వయసులో సూరత్ వచ్చి, తల నెరిసేదాకా వాటి మధ్యనే నిలబడ్డాడు. ఆ మోతలో పని చేసేవాళ్లు బయటికొచ్చినా అరిచే మాట్లాడతారు. ఆయన అందరికంటే ఒక పాలు ఎక్కువ. మాట మొదలుపెట్టే ముందు ఎదుటివాడి మోకాలి మీద రెండు వేళ్లతో కొట్టేవాడు. కనుబొమ్మల్లో ఎప్పుడూ సన్నటి దారపు నూగు ఉండేది. దులుపుకోమంటే "ఉండనీ, మల్ల రేపు వస్తది గద" అనేవాడు.

చెవులు సరిగా పనిచేయవని ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఎవరైనా చెప్పింది వినపడకపోతే, వినపడలేదని అనకుండా వేలెత్తి "గదే గద నేను మొదటి సంది చెప్తున్నది!" అనేవాడు. ఒక్కోసారి అది ఆయన వాదానికే పూర్తి విరుద్ధంగా ఉండేది. మేం ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం. మేం ఎందుకు నవ్వుతున్నామో తెలియక ఆయనా నవ్వేవాడు.

మమ్మల్నందరినీ కలిపింది ఒక సినిమా వరస. మునిగిపోయిన భూమిని వదిలి, కొంతమంది మనుషులు ఒక ఓడలో ఆకాశంలో తిరుగుతూ ఉంటారు. కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ ఉంటారు. భాగం తర్వాత భాగం ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. హిందీలోకి మార్చినవే మేం చూసేవాళ్లం. మేముండే లింబాయత్‌లో ఒక చాయ్ బండి దగ్గర ఆదివారం పొద్దున మా సభ. నాలాంటి మార్కెట్ గుమాస్తాలు, రంగుల మిల్లు వాళ్లు, మునిసిపల్ తెలుగు బడిలో నాతో చదివినవాళ్లు, వాళ్ల తమ్ముళ్లు. మా అందరిలో వయసు మళ్లినవాడు కాక ఒక్కడే. ఓడను నడిపే కెప్టెన్‌ను ఆయన 'దీదీ' అనేవాడు. మరమనిషిని 'డబ్బగాడు' అనేవాడు. మాకూ ఆ పేర్లే అలవాటైపోయాయి.

నాలుగో భాగం చివర దీదీ చచ్చిపోతుంది. మంటలు ఓడలోకి రాకుండా బయటి నుంచి తలుపు మూసేస్తుంది. అద్దం వెనక నుంచి తనవాళ్లను చూసి ఏదో ఒక మాట అంటుంది. తర్వాత అంతా తెల్లటి వెలుగు. ఐదో భాగం తీస్తున్నారని, అందులో దీదీ మళ్లీ కనిపిస్తుందని వార్త వచ్చిన రోజు నుంచి మా చాయ్ బండి దగ్గర ఇదే గొడవ. ఆమె తిరిగి రావచ్చా, రాకూడదా?

మేమంతా రావచ్చనేవాళ్లం. కాక ఒక్కడే అడ్డం.

"సచ్చినోళ్లను లేపుడంటే గది కథ కాదురా, బేరం" అనేవాడు మోకాళ్ల మీద కొడుతూ. "ఒక్కపారి లేపినంక ఇగ ఎవ్వలు సచ్చినా ఎవ్వలు ఏడుస్తరు?"

"కాకా, ఆమే చెప్పింది గద, 'మై లౌటూంగీ' అని? మల్ల వస్త అన్నది గద?"

"అనలే!"

"అన్నది కాకా!"

"మీకు చెవులు లేవా? 'నా కోసం సూడకుండ్రి, మీరు పోండ్రి' అన్నది. గంత పెద్ద మాట అన్నంక మల్ల ఎట్ల వస్తది? సిగ్గుండద్దా?"

చెవులు లేనిది ఎవరికో మాకు తెలుసు. అయినా ఆ రెండు మాటలు ఆయనకు ఎక్కడివి? సినిమాలో లేవు. ఏ భాషలోనూ లేవు. ఎక్కడివో నాకు తెలిసింది ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లినప్పుడు.

చిన్నమ్మ, అంటే కాక భార్య, ఇంట్లో కూర్చుని చీరల మీద రాళ్లు అతికించేది. మా దుకాణం చీరలే. పని అయిన చీరలు తెచ్చుకుందామని వెళ్లాను. తలుపు తీసే ఉంది. టీవీలో మూడో భాగం వస్తోంది. కాక మంచం మీద, చిన్నమ్మ ఆయన ఎడమ పక్కన నేల మీద చీర పరుచుకుని. ఆమె తల ఎత్తకుండా, జిగురు పుల్ల ఆపకుండా, వీధి చివరిదాకా వినపడేంత గొంతుతో కథ చెబుతోంది.

"డబ్బగాడు అంటున్నడు, 'మేడం, బిందెల్ల నీళ్లు అయిపోయినయ్.' గామె అంటున్నది, 'అయితే నా మొఖం సూస్తవేందిరా, పొయ్యి తేపో.'"

సినిమాలో అక్కడ ఇంధనం అయిపోయిందని చెబుతారు. బిందెల ఊసే లేదు. నేను నవ్వు ఆపుకోలేక చిన్నమ్మ పక్కన కూర్చుని, అది నీళ్లు కాదు కదా అన్నాను.

"నాకు తెల్వదా?" అంది ఆమె గొంతు తగ్గించి. తగ్గిస్తే కాకకు వినపడదు. "గదేందో ఈంధన్ అంటె మీ కాకకు ఏం సమజైతది? నీళ్లయిపోయినయంటె సమజైతది. పానం జల్లుమంటది. సినిమా అంటె గదే గద."

"మరి దీదీ చచ్చిపోయేప్పుడు? 'మళ్లీ వస్తా' అంది కదా చిన్నమ్మా? నువ్వు వేరే చెప్పావు."

ఆమె చేయి ఆగింది. నా వైపు చూసింది.

"సచ్చేటోళ్లు ఏడనన్న వస్తరా బిడ్డా? గసొంటి అబద్ధం నేనెందుకు చెప్పాలె?" అంది. తర్వాత, "మీ కాకకు చెప్పకు. ఆయన ఇజ్జత్ పోతది" అని మళ్లీ జిగురులో పుల్ల ముంచింది.

మంచం మీద నుంచి కాక అరిచాడు: "ఏమే, ఏమన్నది?"

"ఏమనలే! నడుస్తున్నది!" అని ఆమె కూడా అరిచింది.

ఆ తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. సాంచెలు ఆగిపోయాయి. లింబాయత్‌లో అంత నిశ్శబ్దం నేను పుట్టాక ఎప్పుడూ వినలేదు. సరుకులు పంచేచోట కాక కనిపిస్తే, ఎట్లున్నవు కాకా అని గట్టిగా అడిగాను. "సాంచెలు బందైనయ్. నా చెవుల్ల మాత్రం నడుస్తనే ఉన్నయ్" అన్నాడు. చెవుల గురించి ఆయన నోట విన్నది ఆ ఒక్కసారే.

చాయ్ బండి మూతపడటంతో గొడవ ఫోన్‌లోకి మారింది. ఐదో భాగం విడుదల వాయిదా పడుతూ వచ్చింది కాబట్టి వాదించుకోవడానికి కావలసినంత తీరిక. కాక టైపు చేయలేడు. వాయిస్ పంపేవాడు. మేం పంపినవి చిన్నమ్మ విని ఆయనకు చెప్పేది. ఆయన జవాబు పంపుతుంటే వెనక నుంచి ఆమె గొంతు కూడా వచ్చేది: "గట్ల కాదు, గా పిలగాడు అన్నది గది కాదు." కాక మధ్యలో ఆమెను కసిరి మళ్లీ మాకు అరిచేవాడు. వాటిని మేం ఒకరికొకరం మళ్లీ మళ్లీ వినిపించుకుని నవ్వుకునేవాళ్లం. ఆ రోజుల్లో నవ్వడానికి మాకు అంతకంటే ఏమీ లేదు.

రెండో వేవ్‌లో ఐదో భాగం ట్రైలర్ వచ్చింది. అందులో తలుపు తెరుచుకోవడం, ఒక చేయి కనిపించడం ఉంది. గ్రూపు అంతా ఊగిపోయింది. కాక పొద్దుటి నుంచీ వాయిస్ మీద వాయిస్ పంపుతూనే ఉన్నాడు. బేరమన్నాడు, మోసమన్నాడు, దీదీ చేయి అట్లుండదన్నాడు. మాలో ఒకడు, ఇంజనీరింగ్ చదివేవాడు, ఇక తేల్చేద్దామని నాలుగో భాగంలోని ఆ ముక్క కత్తిరించి పెట్టాడు. అడుగున హిందీ అక్షరాలు కూడా ఉన్నాయి. దుకాణాల బోర్డులు చదివీ చదివీ కాకకు హిందీ కూడబలుక్కుని చదవడం వచ్చు.

కాసేపటికి ఆయన దగ్గర నుంచి ఒక చిన్న వాయిస్ వచ్చింది. అరుపు లేదు.

"గట్లనే రాసి ఉన్నదా? నిజంగ గట్లనే అన్నదా?"

గ్రూపు విరగబడి నవ్వింది. కన్నీళ్లు కారేలా నవ్వే బొమ్మలు తెర నిండా. కాక ఓడిపోయాడని ఎవరో బొమ్మ తయారు చేశారు. అది అందరికీ పాకింది.

చిన్నమ్మ మరుసటి పొద్దున పోయింది. అప్పటికి వారం నుంచి ఆమె ఆసుపత్రిలో ఉంది. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. ఆ వారమంతా కాక గేటు బయట కాలిబాట మీద కూర్చున్నాడు. ఆ వాయిస్‌లన్నీ అక్కడి నుంచి పంపినవే. కబురు తెలిశాక నేను వాటిని మళ్లీ పెట్టుకుని విన్నాను. వెనక అంబులెన్సుల మోత ఉంది. ఎవరో ఏడుస్తున్నారు. చిన్నమ్మ గొంతు ఒక్కదాంట్లోనూ లేదు. అంతమందిమి విన్నాం. ఒక్కరమూ గమనించలేదు. మేం పంపిన నవ్వుల బొమ్మలన్నీ ఆయన ఆ గేటు దగ్గరే చూసుకున్నాడు.

గ్రూపులో చాలా రోజులు ఎవరూ ఏమీ రాయలేదు. ఓదార్పు మాట రాయడానికి కూడా ఎవరికీ ముఖం చెల్లలేదు.

మార్కెట్లు తెరిచాక ఒక మధ్యాహ్నం కాక మా దుకాణానికి వచ్చాడు. గడ్డం పెరిగింది. తుండు ముక్కు మీదుగా కట్టుకున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నేనే బయటి మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాను. నా మోకాలి మీద కొట్టడానికి చేయి ఎత్తి, దూరం గుర్తొచ్చి దించేశాడు.

"నువ్వు అబద్ధం చెప్పవు. చెప్పు. దీదీ ఏమన్నది?"

"మళ్లీ వస్తా అన్నది కాకా."

"మరి మీ చిన్నమ్మ నాకు గట్లెందుకు చెప్పింది?"

ఆమె చెప్పవద్దన్న మాటే. కానీ ఆమె ఇక లేదు, ఆయన నా పెదాలనే చూస్తున్నాడు. ఆ రోజు ఆమె అన్నది అన్నట్టే చెప్పాను. సచ్చేటోళ్లు ఏడనన్న వస్తరా, గసొంటి అబద్ధం నేనెందుకు చెప్పాలె అన్నదని.

కాక ముందు నవ్వాడు. మెట్ల మీద మూటలు మోసేవాళ్లు ఆగి చూసేంత పెద్దగా నవ్వాడు. "ఎంత పని చేసిందిరా! ఇన్నేండ్లు నలుగుట్ల నన్ను ఉల్లూ చేసింది!" అని నవ్వుతూ నవ్వుతూ కూలబడి, తుండును కళ్ల మీదికి లాక్కున్నాడు. నేను దగ్గరికి పోబోతే చేయి అడ్డం పెట్టాడు. "మీ అందరికి తెలుసు గద? నేను తప్పు చెప్తున్ననని? తెలిసే నవ్విండ్రు గద?"

సేఠ్ లోపలి నుంచి పిలిచాడు. నేను తిరిగి వచ్చేసరికి కాక మెట్లు దిగి వెళ్లిపోయాడు.

థియేటర్లు తెరిచారు. సగం సీట్లకే టికెట్లు. ఐదో భాగం వచ్చింది. నేనే వెళ్లి బతిమాలి ఆయన్ను తీసుకువచ్చాను. మా వాళ్లంతా వెనక వరసలో కూర్చున్నారు. ఒక సీటు విడిచి ఒక సీటుకు అడ్డంగా పసుపు పట్టీ అంటించారు. మా ఇద్దరి మధ్య ఒకటి ఖాళీ. ఆయనకు ఎడమ పక్కన ఇంకొకటి ఖాళీ. పక్కకు వంగి గట్టిగా చెబితే వినపడుతుంది కదా అనుకున్నాను. మొదట్లో రెండు మూడు మాటలు చెప్పాను కూడా. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. కాక "వద్దు, ఊకో" అని సైగ చేశాడు. కళ్లతోనే చూస్తూ కూర్చున్నాడు.

సగం దగ్గర తలుపు తెరుచుకుంది. దీదీ వచ్చింది. జుట్టు నెరిసింది, ముఖం కాలింది, కానీ ఆమే. హాలంతా ఈలలు. కాక రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని లేచి నిలబడ్డాడు. దీదీ పెదాలు కదిలాయి. అప్పుడు కాక ఎడమ పక్కకు, పట్టీ అంటించిన ఆ ఖాళీ సీటు వైపు వంగి, సాంచెల మధ్య అరిచినట్టు అరిచాడు:

"ఏమే, ఏమన్నది?"

ఈలలు ఆగాయి. తర్వాత హాలు నవ్వింది. తెలుగు రానివాళ్లు కూడా ఆ గొంతుకు నవ్వారు. మా వెనక వరసలో మాత్రం ఎవరూ నవ్వలేదు. కాక ఆ సీటు వైపు అలాగే వంగి ఉన్నాడు. ఒక్క క్షణం నిజంగానే జవాబు కోసం చూశాడు. తర్వాత అర్థమైంది. కూర్చుని, తల మోకాళ్ల దాకా దించేశాడు. విశ్రాంతి లైట్లు వెలిగేదాకా తెర వంక చూడలేదు.

బయట మెట్ల మూలన ఆయన్ను పట్టుకున్నాను. మాస్క్ సరిచేసుకుంటున్నట్టు గోడ వైపు తిరిగి ఉన్నాడు.

"అందరు విన్నరా?"

"లేదు కాకా. ఈలల్లో ఎవరికీ వినపడలేదు."

"సాంచెల నడుమనే నా గొంతు వినపడతది. ఈలలెంత" అన్నాడు. హాలు తలుపు వైపు చూసి, "పిలగాళ్లు గూడ ఉన్నరు గద ఎనుక. అయ్యో" అని అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "దానికి సిగ్గుకాదురా నాకు. ఆమె రాంగనే నాకు మస్తు సంబురమైంది. వద్దు వద్దని గన్ని దినాలు ఒర్లినోన్ని. తలుపు తీయంగనే పానం లేసొచ్చింది. నేను గేటు కాడ కూసుని కూడ గదే ఒర్లుకుంట కూసున్న గదా, సచ్చినోళ్లు రావద్దని. లోపల మీ చిన్నమ్మ ఉండంగ. నా నోరు పడిపోను."

రెండో సగానికి లోపలికి రానన్నాడు. ఇద్దరం బయల్దేరాం. దారిలో నా వైపు చూడకుండా అడిగాడు.

"ఇంతకు ఏమన్నది?"

"'ఆకలేస్తుంది, తినడానికి ఏమన్న ఉన్నదా' అన్నది కాకా."

"గంతేనా?"

"గంతే."

"మీ చిన్నమ్మ అయితే ఇంకింత చెప్తుండె" అన్నాడు.

ఆ తర్వాత ఆయన చాయ్ బండి వైపు రాలేదు. మేం కూర్చునే రోజున పక్క గల్లీ నుంచి చుట్టు తిరిగి పోయేవాడు. ఆ ముక్క కత్తిరించి పెట్టిన ఇంజనీరింగ్ కుర్రాడు ఒకరోజు ధైర్యం చేసి ఆయన గదికి వెళ్లి, "తప్పయింది కాకా, మాఫ్ చెయ్యి" అన్నాడట. కాక వేలెత్తి, "గదే గద నేను మొదటి సంది చెప్తున్నది!" అని తల ఊపి తలుపు దగ్గరికి వేశాడట. ఆయన విన్నాడా, వినలేదా, విన్నా విననట్టు నటించాడా అని ఆ కుర్రాడు ఇప్పటికీ నన్ను అడుగుతాడు. నాకూ తెలియదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతున్నానని కబురు పంపాడు. సామాను బస్సెక్కించడానికి నేను వెళ్లాను. ఒక పెట్టె, ఒక పరుపు చుట్ట, టీవీ. టీవీ సిరిసిల్లలో దొరకదా అంటే, "దొరుకుతది. ఇది ఆమె సూసింది" అన్నాడు.

బస్సు కదలడానికి ఇంకా టైముంది. కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను కింద నిలబడ్డాను. ఏదో అడగాలని చూసి, ఇటూ అటూ తలతిప్పి, పక్క సీట్లో ఎవరూ లేరని చూసుకుని, కిటికీలోంచి వంగాడు.

"ఇంగో భాగం తీస్తరట గద?"

"తీస్తరట కాకా."

"మల్ల సంపుతరా ఆమెను?"

"ఏమో కాకా. తెలవదు."

"సంపద్దని చెప్పు."

"ఎవరికి చెప్పాలె?"

"మీ గ్రూపుల చెప్పు. గాడ మస్తు మంది ఉంటరు గద." ముఖం ఎర్రబడింది. "నేనన్ననని చెప్పకు."

అన్నేళ్లలో ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను వినలేదు. పక్కనే నిలబడ్డ నాకే సరిగా వినపడలేదు. రెండోసారి అడగడానికి మనసొప్పక, పెదాలు చూసి అర్థం చేసుకున్నాను.

బస్సు వెళ్లాక అక్కడే నిలబడి గ్రూపులో నా మాటగా రాశాను: వచ్చే భాగంలో దీదీని చంపకూడదు.

చాలా రోజులుగా ఊరకున్న గ్రూపు కదిలింది. "ఏందన్నా, నువ్వు గూడ మెత్తవడ్డవా? మరి కథ ఏం గావాలె?" అని ఒకడు నవ్వు బొమ్మ పెట్టాడు. దాని వెనక ఇంకో నాలుగు నవ్వు బొమ్మలు వచ్చాయి.

అవును, మెత్తబడ్డాను అని రాశాను.